మా అమ్మ పుట్టింటి నెత్తురు

మా ఊళ్ళో చెయ్యి లేవకుండా మాట పూర్తయ్యేది కాదు. గురజాలకీ మాచర్లకీ మధ్య, నాపరాతి గోడల ఊరు మాది. బళ్ళో పంతులు చింతబరికెతో కొట్టేవాడు. ఇంట్లో నాన్న ములుగర్రతో కొట్టేవాడు. ఎడ్లకీ ఆ కర్రే, పెళ్ళానికీ ఆ కర్రే. పొలం గట్టు దగ్గర మాటా మాటా పెరిగితే గొడ్డళ్ళూ బరిసెలూ బయటికొచ్చేవి. ఇప్పుడు సభల్లో కొందరు పెద్దవాళ్ళు లేచి, ఆ రోజుల్లో దెబ్బలు తినబట్టే మనుషులమయ్యామని మురిసిపోతుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. నేనూ తిన్నాను. నాకు ఒరిగిందేమీ లేదు. ఎడమ చెవి సరిగా వినపడదు, అంతే.

అలాంటి ఊళ్ళో, అలాంటి ఇంట్లో, దెబ్బ తగలకూడని పిల్లాడు పుట్టాడు. వాడు నా తమ్ముడు. నా చంకలో పెరిగినవాడు.

వాడి సంగతి చెప్పాలంటే, వాడికంటే ముందు పోయిన మా మేనమామ సంగతి చెప్పాలి. మా అమ్మ పుట్టిల్లు కూడా ఆ ఊళ్ళోనే, రెండు సందుల అవతల. అమ్మ తర్వాత ఒక్కడే మగపిల్లాడు. నేను ఆయన్ని చూడలేదు. మోకాళ్ళు ఎప్పుడూ వాచి ఉండేవట, కుంటుతూ నడిచేవాడట. వాతం అనుకున్నారు. ఒక్కగానొక్క కొడుకని మా అమ్మమ్మ కాలు కింద పెట్టనివ్వకుండా పెంచింది. మీసాలు మొలిచే వయసులో ఓ రోజు గట్టు దగ్గర పక్క చేను రైతుతో తగాదా పడ్డాడు. ఆ రైతు మూతి మీద ఒక గుద్దు గుద్దాడు. ఒక పన్ను విరిగింది. విరిగిన చోట మొదలైన నెత్తురు ఆగలేదు. పసుపు పెట్టారు, పటిక పెట్టారు, గుడ్డ కాల్చి మసి అద్దారు. మూడు రోజులు నెత్తురు ఉమ్ముకుంటూ, మింగుకుంటూ, సున్నంలా పాలిపోయి చచ్చిపోయాడు.

పంటి మీద గుద్దితే మనిషి చస్తాడా? ఊరంతా వేసుకున్న ప్రశ్న ఇదే. వేసుకుని ఊరుకోలేదు, జవాబు కూడా వాళ్ళే చెప్పుకున్నారు. పిడికిట్లో ఇనప ముక్క పెట్టుకుని గుద్దాడని ఒకళ్ళు, ఆ ముక్కకి విషం రాశాడని ఇంకొకళ్ళు. చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. దినాలు కాకముందే మా నాన్న, ఇంకో ఇద్దరిని వెంటేసుకుని, ఆ రైతుని మాచర్ల దారిలో బండి మీంచి కిందికి లాగి గొడ్డళ్ళతో నరికాడు. అప్పటికి మా అమ్మని చేసుకుని ఏడాది కాలేదు. కొన్నేళ్ళు జైల్లో ఉండొచ్చాడు. నేను ఆ తర్వాత పుట్టాను.

జైలు నుంచి వచ్చాక ఊళ్ళో ఆయన పరపతి పెరిగింది. బావమరిది కోసం కత్తి కట్టిన మనిషని పెద్దమనుషులు పక్కన కూర్చోబెట్టుకునేవాళ్ళు. సాయంత్రాలు మా అరుగు మీద ఆ హత్య కథ నడిచేది. ఎవరో ఒకరు అడిగేవాళ్ళు, ఆయన మొదలుపెట్టేవాడు. చివర్లో, చచ్చేముందు ఆ రైతు రెండు చేతులూ అడ్డం పెట్టి ఏమన్నాడో గొంతు సన్నం చేసి అనుకరించి చూపించేవాడు.

"ఒక్క దెబ్బేరా. ఒక్క దెబ్బకే పోతాడని నాకేం తెలుసు?"

అరుగు మీద అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. నాకు ఆ వాక్యం పలక మీద రాసుకున్న ఎక్కాలకంటే ముందు వచ్చింది. నవ్వులన్నీ అయ్యాక మా నాన్న, పౌరుషం మనిషి నెత్తుర్లో ఉండాలని ముగించేవాడు. లోపల అమ్మ మజ్జిగ చిలుకుతూ ఉండేది.

తమ్ముడికి ఏడాది నిండాక చెవులు కుట్టించారు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించాలి. మేనమామ లేడు గనక, అమ్మమ్మ తన కొడుకు తలగుడ్డ పెట్టెలోంచి తీసుకొచ్చి మా నాన్న ఒళ్ళో పరిచింది. దాని మీద వాణ్ణి కూర్చోబెట్టారు. కంసాలి తీగ గుచ్చాడు. ఊళ్ళో సగం చెవులు కుట్టిన చెయ్యి అది. పిల్లాడు ఏడ్చాడు, బెల్లం పెట్టారు, నవ్వాడు. నెత్తురు మాత్రం కారుతూనే ఉంది. పొద్దు వాలేసరికి తలగుడ్డ తడిసి ముద్దయింది. మర్నాటికి వాడు నీరసంతో తల వాల్చేశాడు.

మా నాన్న కంసాలి ఇంటికి వెళ్ళి ఆయన్ని కొలిమి ముందు నుంచి బజార్లోకి ఈడ్చుకొచ్చాడు. చెయ్యి నేల మీద పెట్టించి ములుగర్రతో కొట్టాడు. వేళ్ళు విరిగిన చప్పుడు నాకు వినపడింది. అప్పటికి నా రెండు చెవులూ బాగున్నాయి. కంసాలి అరవలేదు. నేను సరిగానే కుట్టా అయ్యా, సరిగానే కుట్టా, అంటూ ఉన్నాడు. ఆ తర్వాత ఆయన నగ చెయ్యలేకపోయాడు. పెళ్ళాం బిడ్డలతో వినుకొండ వెళ్ళిపోయాడని విన్నాం. తమ్ముడి చెవుల్లో నెత్తురు మూడో రోజుకి దానంతటదే ఆగింది. కంసాలికి బుద్ధి చెప్పబట్టే ఆగిందని ఊళ్ళో అన్నారు.

వాడు పాకడం మొదలుపెట్టాక ఒళ్ళంతా మచ్చలు. గడప తగిలితే నేరేడుపండు రంగు, మంచం కోడు తగిలితే నేరేడుపండు రంగు. నడక వచ్చాక మోకాళ్ళు వాచేవి. అమ్మే కొడుతోందేమో అని మా నాయనమ్మ అనుమానం. ఆ అనుమానం మీద నాన్న అమ్మని కొట్టాడు.

వాడికి ఆరేళ్ళప్పుడు పాలపన్ను ఊడింది. పొద్దున ఊడితే సాయంత్రానికి చొక్కా ఎర్రబడింది. అమ్మ వాడి నోరు తెరిపించింది. ఆ నోరు ఆమె ఇంతకుముందు చూసింది. మర్నాడు తెల్లారగానే వాణ్ణి భుజాన వేసుకుని, నా చెయ్యి పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా స్టేషన్‌కి నడిచింది. గుంటూరు రైలు ఎక్కబోతుండగా నాన్న పరుగెత్తుకొచ్చాడు. ప్లాట్‌ఫారం మీదే చెంప పగలగొట్టాడు. అయినా అమ్మ పెట్టె ఎక్కింది, ఇక దిగలేదు. చివరికి ఆయనే ఎక్కాడు.

గుంటూరు ఆసుపత్రిలో మద్రాసులో చదివొచ్చిన కుర్ర డాక్టరు ఉన్నాడు. ఎవరి రక్తంలోంచో తీసిన పసుపుపచ్చ నీరు లాంటిది తమ్ముడికి ఎక్కించాడు. ఆ సాయంత్రానికే పంటి చిగురులో నెత్తురు ఆగింది. అప్పుడు మమ్మల్ని కూర్చోబెట్టి అమ్మని అడిగాడు, పుట్టింట్లో మగపిల్లలకి ఎవరికైనా ఇలా అయ్యిందా అని.

"వాళ్ళింట్లో మగపిల్లోడు ఒక్కడే," అని నాన్న అందుకున్నాడు. "వాణ్ణి చంపారు."

"ఎలా చంపారు?"

"మూతి మీద గుద్ది."

డాక్టరు కలం కింద పెట్టి అమ్మ వైపు చూశాడు. "గుద్దిన ఎన్నాళ్ళకి పోయాడమ్మా?"

"మూడు రోజులకి," అంది అమ్మ. "నెత్తురాగక."

డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. నెత్తురు గడ్డకట్టడానికి ఒంట్లో కొన్ని మాంసకృత్తులు ఉంటాయనీ, వాటిలో ఒకటి ఈ పిల్లాడి ఒంట్లో సరిగా తయారవడం లేదనీ, ఆ లోపం తల్లి ద్వారా వస్తుందనీ, తల్లికి ఏమీ కాదనీ, కొడుకులకే తగులుతుందనీ. మీ తమ్ముడికీ ఇదే ఉండుంటుందమ్మా, ఆ గుద్దు నాకు తగిలితే మూతి వాచేది, అంతే, అన్నాడు. ఈ పిల్లాడికి దెబ్బ తగలనివ్వొద్దనీ, తలకి అసలే తగలనివ్వొద్దనీ, తగిలితే ఆ క్షణమే తీసుకురమ్మనీ మా నాన్న కళ్ళలోకి చూసి మరీ చెప్పాడు. నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు.

నేను తర్వాత ప్రకృతిశాస్త్రం చదివి, పంతులమ్మనై, ముప్ఫై ఏళ్ళు ఆ పాఠమే చెప్పాను. నా చిన్నప్పుడు నాగార్జునసాగర్ ఆనకట్ట కడుతున్నారు. మా ఊరి కూలీలు బారులు తీరి, రాళ్ళ తట్టలు ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి అందించేవాళ్ళు. గాయమైనప్పుడు నెత్తురు చేసే పని కూడా అదే. వరసగా నిలబడ్డ ప్రోటీన్లు ఒకదాన్నొకటి తట్టి లేపుతాయి, చివరిది దారాలల్లి గాయాన్ని మూసేస్తుంది. వరసలో ఒక మనిషి రాకపోతే తట్టలు అక్కడే ఆగిపోతాయి. ఆ ప్రోటీను ఎలా తయారుచెయ్యాలో జన్యువులో రాసి ఉంటుంది. వేల అక్షరాల్లో ఎక్కడో ఒక్క అక్షరం మారితే చాలు, ప్రోటీను వంకరగానో, సగంలో తెగిపోయో, పనికిరాకుండా పుడుతుంది. దాన్నే ఉత్పరివర్తనం అంటారని బోర్డు మీద రాసేదాన్ని. ఆడవాళ్ళకి ఆ జన్యువు రెండు ప్రతులుంటాయి, ఒకటి చెడినా రెండోది నెట్టుకొస్తుంది. మగవాడికి ఉన్నది ఒక్కటే. పిల్లలు ఇది పరీక్షకి వస్తుందా టీచర్ అని అడిగేవాళ్ళు. వస్తుందనే చెప్పేదాన్ని. ఆ చెడిన ప్రతి నాలోనూ ఉందని పెళ్ళయిన చాలా ఏళ్ళకి హైదరాబాదులో తేలింది. అప్పటికి నాకు ఒక ఆడపిల్ల. ఇంకొకరిని కనలేదు. కొడుకు కావాలని మా అత్తగారు ఎంత సాధించినా, ఎన్ని మాటలన్నా, కనలేదు.

ఒక్క అక్షరం. దాని కోసం ఒక మనిషిని నరికారు, ఒక మనిషి వేళ్ళు విరగ్గొట్టారు. ఈ మాట అనుకున్నప్పుడల్లా నాకు చాక్‌పీసు విసిరికొట్టాలనిపించేది.

గుంటూరు నుంచి తిరిగొచ్చేటప్పుడు రైల్లో నాన్న డాక్టర్ని తిట్టిపోశాడు. నెత్తుర్లో ఏందో లేదంట, కుర్రకుంక, వాడికేం తెలుసు, అంటూ పెట్టెలో అందరికీ వినపడేలా. ఆయన నమ్మితే ఏమవుతుందో నాకు అప్పుడే కొంచెం అర్థమైంది. బావమరిదిని ఎవరూ చంపలేదంటే, అరుగు మీది కథ మొత్తం పోతుంది. మిగిలేది మాచర్ల దారిలో ఊరికే నరికిన ఒక మనిషి.

నోరు నమ్మలేదు గానీ చెయ్యి నమ్మింది. ఆ రోజు నుంచి నాన్న తమ్ముణ్ణి కొట్టలేదు. కర్ర ఎత్తేవాడు, వాడి మీద ఆగిపోయేది, తిరిగి నా మీదో అమ్మ మీదో పడేది. నా చెవి పోయింది ఆ రోజుల్లోనే. అమ్మ బడికి వెళ్ళి పంతుల్ని బతిమాలింది. కొట్టకుండా చదువెట్టా వస్తదమ్మా అని ఆయన నవ్వాడు. కానీ మా నాన్నంటే భయం, అందుకని తమ్ముడు తప్పు చేస్తే వాడి పక్కవాణ్ణి కొట్టేవాడు. తమ్ముడి పక్కన కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు. వాడికి అదంతా మహా సరదాగా ఉండేది. నేనేందే అక్కా, గాజు బుడ్డినా, అని ఇంట్లో ఇకిలించేవాడు.

చచ్చిపోయిన రైతు భార్య ఊరి చివర ఉండేది. ఆమె కొడుకు పెద్దవాడవుతున్నాడు. ఏదో ఒక రోజు వాడు మా నాన్న మీద చెయ్యి వేస్తాడని ఊరంతా ఎదురుచూస్తోంది. నాన్న మంచం కింద బరిసె పెట్టుకుని పడుకునేవాడు. అమ్మ ఇదంతా మనసులో పెట్టుకుని రెండేళ్ళు కుమిలింది. మిరపకాయలు కోసే రోజుల్లో ఓ మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని ఆమె కళ్ళానికి వెళ్ళింది. ఆ ఇంటి గడప మా వాళ్ళెవరూ తొక్కి పదిహేనేళ్ళు దాటింది. ఆమె ఎండలో కూర్చుని కాయలు తిరగేస్తోంది. కొడుకు బస్తా కుడుతున్నవాడల్లా లేచి నిలబడ్డాడు.

"అక్కా," అంది అమ్మ. "మా తమ్ముడు మీ ఆయన దెబ్బకి పోలా. మా నెత్తుర్లోనే లోపముంది. నా కొడుక్కీ అదే ఉంది. డాక్టరు చెప్పాడు."

ఆమె కాయలు తిరగేయడం ఆపలేదు. "నాకెందుకు చెప్తన్నావు?" అంది. "ఆయన చేతిలో ఏం లేదని నాకు అప్పుడే తెలుసు. నీ మొగుడికి చెప్పు."

ఆమె కొడుకు మళ్ళీ కూర్చుని బస్తా కుట్టుకున్నాడు. మేం ఇంటికొచ్చేశాం. ఘాటుకి నా కళ్ళు మండుతున్నాయి. అమ్మ మాత్రం అన్నేళ్ళలో మొదటిసారి తేలిగ్గా నడిచింది.

ఆ మాట రెండు రోజుల్లో ఊరంతా పాకింది. కాఫీ హోటల్లో నాన్నని ఒకడు ఆటపట్టించాడట, రోగంతో పోయినోడి కోసం మనిషిని నరికావంటగా అని. పక్కనున్నవాళ్ళు నవ్వారట. మా అరుగు మీద నవ్విన నోళ్ళే అవి. నాన్న గ్లాసు బల్ల మీద పెట్టి తిన్నగా ఇంటికొచ్చాడు. అమ్మ పెరట్లో జొన్నలు దంచుతోంది. గోడకున్న ములుగర్ర తీసుకుని కొట్టడం మొదలుపెట్టాడు. వీపు మీద, భుజాల మీద, పడిపోయాక నడుము మీద. రోకలి దొర్లిపోయింది. జొన్నల్లో నెత్తురు చుక్కలు పడ్డాయి. నేను తమ్ముణ్ణి గట్టిగా పట్టుకున్నాను. వాడికి ఎనిమిదేళ్ళు, బక్కపలచని ఒళ్ళు, నా చేతుల్లోంచి జారి వెళ్ళి అమ్మ మీద పడ్డాడు. కర్ర అప్పటికే దిగుతోంది.

చెవి పైన తగిలింది. పెద్ద దెబ్బేం కాదు. అలాంటివి నేను లెక్కలేనన్ని తిన్నాను. నాన్న కర్ర వదిలేశాడు. పరుగెత్తి ఆయనే చెంబుతో నీళ్ళు తెచ్చి వాడి తల తడిపాడు. చర్మం చిట్లలేదు, నెత్తురు రాలేదు, చిన్న బొప్పి కట్టింది. అమ్మ గుంటూరు వెళ్దామంది. బొప్పే కదా అన్నాడు నాన్న. రైలు కూడా పొద్దున్నే. తమ్ముడు పెరుగన్నం తిన్నాడు. చూశావా, ఏం కాలా, అని నన్ను వెక్కిరించాడు.

తెల్లారేసరికి తల నొప్పన్నాడు. వాంతి చేసుకున్నాడు. తర్వాత నిద్రొస్తోందన్నాడు. నాన్న వాణ్ణి భుజాన వేసుకుని స్టేషన్ దాకా పరుగెత్తాడు. అంత పెద్ద మనిషి ఏడుస్తూ పరుగెత్తడం చూసి దారిలో జనం పక్కకి తప్పుకున్నారు. రైల్లో వాడి తల అమ్మ ఒళ్ళో, కాళ్ళు నా ఒళ్ళో. ప్రతి స్టేషన్‌లోనూ నాన్న తలుపు దగ్గర నిలబడి, గుంటూరు ఇంకెంత దూరమని కనపడ్డవాళ్ళనల్లా అడిగాడు. పిడుగురాళ్ళ వచ్చేలోపే వాడి కాళ్ళు నా ఒళ్ళో చల్లబడ్డాయి. అక్కడే దిగిపోయాం. సున్నం బస్తాల లారీ ఒకటి మాచర్ల వైపు వెళ్తుంటే దానిలో తిరిగొచ్చాం. మా బట్టలూ, వాడి ముఖమూ తెల్లగా అయిపోయాయి. నేను ఆ లారీలో మా నాన్నని చంపెయ్యాలనుకున్నాను. ఎలాగో కూడా ఆలోచించాను.

ఇంటికొచ్చేసరికి వాకిలి నిండా మనుషులు. మా ఊళ్ళో దెబ్బ తగిలి పోయినవాడి ఇంటికి వచ్చేవాళ్ళు ముందు అడిగేది ఎలా పోయాడని కాదు, ఎవరు కొట్టారని. నాన్న వైపువాళ్ళు కర్రలతో వచ్చారు. ఒకతను గొడ్డలి కూడా తెచ్చాడు. తలకి దెబ్బని ఎక్కడ విన్నారో విన్నారు, మిగతాది వాళ్ళే అల్లుకున్నారు. ఆ కళ్ళం కాడోడేనా, ఊ అను చాలు, అని ఆ గొడ్డలి మనిషి నాన్న చెవిలో అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. తల ఒకసారి ఊపితే చాలు. ఆ రైతు కొడుకు పొద్దుగూకేలోపు పోతాడు, మా నాన్న కథ మళ్ళీ నిలబడుతుంది.

నాన్న అరుగు మీద, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు. అమ్మ తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. ఆయన తన చేతులవైపు చూసుకున్నాడు.

"నేనే," అన్నాడు. "ఒక్క దెబ్బే. ఒక్క దెబ్బకే పోతాడని నాకేం తెలుసు?"

ఆ మాటకి ఆ అరుగు మీద ఎవరూ నవ్వకపోవడం అదే మొదటిసారి. అమ్మ తమ్ముడి ముఖం మీది సున్నం పైట కొంగుతో తుడుస్తూ, గొంతు ఏమాత్రం పెంచకుండా అంది.

"నువ్వు నరికినాయనకి తెలవదు. నీకు డాక్టరు చెప్పాడు."

గొడ్డలి తెచ్చినతను దాన్ని గోడకి ఆనించి, గొయ్యి తవ్వడానికి పలుగూ పారా ఎక్కడున్నాయమ్మా అని నన్ను అడిగాడు.